పిస్టన్ బిగుసుకుంటుంది, గాలీ కారుతుంది: చిన్న ఇంజన్ సిలిండర్‌లో సమస్య - పరిష్కారం

ఇంట్లో చిన్న లేత్ పెట్టుకుని వేడిగాలి ఇంజన్లు, ఆవిరి ఇంజన్లు చేసుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. చక్‌లో ముక్క బిగించడం, టూల్ నూరడం, మైక్రోమీటర్ చదవడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. రాకపోతే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో బోరు మోటార్ల షాఫ్టులు బాగుచేసే లేత్ షాపులో ఓ వారం కూర్చుని, ఆ తర్వాత ఇది చదవండి.

రాబర్ట్ స్టిర్లింగ్ 1816లో పేటెంట్ తీసుకున్న వేడిగాలి ఇంజన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. పనితనంలో తప్పును అది అస్సలు క్షమించదు. స్పిరిట్ దీపం వేడికి దానికి వచ్చే బలం చాలా తక్కువ. పిస్టన్ కాస్త రాసుకున్నా తిరగదు, గాలి కాస్త కారినా తిరగదు. ఆవిరి ఇంజన్ అయితే ఒత్తిడి పెంచి ఎలాగోలా తిప్పేయవచ్చు, తప్పు లోపలే దాగిపోతుంది.

పరీక్ష సులువు. సిలిండర్‌నూ పిస్టన్‌నూ శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. నూనె వద్దు. సిలిండర్ నిలువుగా పట్టుకుని పిస్టన్‌ను పైనుంచి వదలండి. అడుగున బొటనవేలితో మూస్తే పిస్టన్ గాలి మీద కూర్చున్నట్టు మెల్లమెల్లగా దిగాలి. వేలు తీయగానే జారి అరచేతిలో పడాలి. మూసినా తీసినా జారిపోతే బోరు, అంటే సిలిండర్ లోపలి రంధ్రం, పెద్దదైంది, కొత్త పిస్టన్ చేసుకోండి, అందులో చర్చ లేదు. ఒక చివర వదులుగా, రెండో చివర బిగుతుగా ఉంటే బోరు వాలుగా వచ్చింది. పిస్టన్ పొడవునా బిగుతుగా ఉండి, అయినా వేలి దగ్గర గాలి నిలవకపోతే అది మూడో రకం. నన్ను ఏడిపించింది అదే.

ముందు చూడాల్సినవి

ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చేయని పని ఒకటుంది: ముక్క చల్లారేదాకా ఆగడం. మే నెలలో రేకుల షెడ్డు కింద, మధ్యాహ్నం రెండు గంటలకు, అప్పుడే బోరింగ్ చేసిన అల్యూమినియం సిలిండర్‌ను అలాగే కొలుస్తారు. లెక్క చూడండి. అల్యూమినియం ఒక డిగ్రీకి మీటరుకు దాదాపు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బోరు 40 డిగ్రీలు వేడెక్కితే 18 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఈ సైజులో పిస్టన్‌కు నేను వదిలే సందు 10 నుంచి 15 మైక్రాన్లు మాత్రమే. అంటే మీరు వదిలాననుకున్న సందు మొత్తం వేడిలోనే పోయింది, ఇంకా కొంత అప్పు కూడా మిగిలింది. పోత ఇనుము, అదే మన షాపుల్లో బీడు అనేది, అందులో సగం కూడా పెరగదు. అయినా ఆగాల్సిందే. చాయ్ తాగి రండి. సిలిండర్, పిస్టన్, మైక్రోమీటర్ మూడూ ఒకే బల్ల మీద గంటసేపు ఉన్నాక కొలవండి.

రెండోది బర్రు. సిలిండర్ గోడకు గాలి దారి కోసం రంధ్రం వేస్తే దాని అంచు బోరు లోపలికి లేస్తుంది. కంటికి కనిపించదు. పుల్లకు దూది చుట్టి లోపల తిప్పితే ఆ అంచు దగ్గర పోగు చిక్కుకుంటుంది. మిత్రులొకరు బిగుతుగా ఉందని రెండు రోజులు పిస్టన్‌ను అరగదీశారు. నేను దూది తిప్పితే అర నిమిషంలో చిక్కింది.

ఈ రెండూ చూడకుండా కింద రాసినవాటి జోలికి వెళ్ళకండి.

ఒక చివర బిగుతు

బోరు వాలుగా వస్తే చాలామంది టెయిల్‌స్టాక్‌ను, అంటే చక్‌కు ఎదురు చివర ముక్కకు ఆసరా ఇచ్చే భాగాన్ని, కదుపుతారు. చక్‌లో పట్టి బోరింగ్ చేసేటప్పుడు టెయిల్‌స్టాక్ పక్కన ఊరికే నిలబడి ఉంటుంది, దానికీ మీ బోరుకూ సంబంధం లేదు. ముందు టూల్ మొన చూడండి. మొద్దుబారిన టూల్ పోనుపోను తక్కువ కోస్తుంది. తర్వాత బోరింగ్ బార్ చూడండి. ఉక్కు బార్ బయటికి దాని మందానికి నాలుగింతలు మించి పొడుచుకుని ఉంటే వంగుతుంది. లోతు మార్చకుండా రెండు మూడుసార్లు ఊరికే పోనిస్తే ఆ వంపు చాలావరకు తీరుతుంది.

అప్పటికీ వాలు పోకపోతే బల్లను అనుమానించండి. మన ఇళ్ళలో షెడ్డు నేల అంటే ఇసుక పోసి పరిచిన షాబాద్ బండలే. లేత్ బల్ల నాలుగు కాళ్ళూ నాలుగు బండల మీద పడతాయి. ఒక వానాకాలం గడిచేసరికి ఒక బండ కాస్త దిగుతుంది, బల్ల మెలిపడుతుంది, దానితో లేత్ బెడ్ కూడా మెలిపడుతుంది. సరిచూడటానికి 25 మిల్లీమీటర్ల కడ్డీని చక్‌లో పట్టి 100 మిల్లీమీటర్లు బయటికి ఉంచండి. మధ్యభాగం సన్నగా తీసి, రెండు చివర్లా పట్టీలు వదలండి. టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా రెండు పట్టీల మీదా ఒకే సెట్టింగ్‌లో పలుచటి కోత ఇచ్చి కొలవండి. తేడా వస్తే టెయిల్‌స్టాక్ వైపు కాలి బోల్టులు వదులు చేసి, ఒక వైపు పలుచటి రేకు ముక్క పెట్టి, మళ్ళీ కోసి చూడండి. ఓపిక ఉంటే గంట పని. బండలు తీసి కాంక్రీటు పోస్తే మళ్ళీ మళ్ళీ చేయనక్కర్లేదు.

అంతటా బిగుతు, అయినా గాలి కారుతుంది

ఇక అసలు దొంగ. బిగుతుగా ఉన్న పిస్టన్ గాలిని ఆపాలి కదా? ఆపడం లేదు. వెర్నియర్ పెడితే బోరు ఎటు తిప్పినా 20.01. టెలిస్కోపిక్ గేజ్ పెట్టినా అంతే. పిస్టన్ 20.00. కాగితం మీద అంతా సరిగ్గానే ఉంది.

మొదటిసారి ఇది జరిగినప్పుడు తప్పు పిస్టన్‌దే అనుకున్నాను. మిర్యాలగూడలో పాత రైస్ మిల్లు పుల్లీ ఒకటి తుక్కు కింద కొని, దాని బీడుతోనే సిలిండర్ చేశాను, పిస్టన్లూ చేశాను. ఒకటి, రెండు, మూడు పిస్టన్లు. మూడూ బిగుతే, మూడూ కారినవే. నాలుగోదానికి ముక్క కోయబోతూ విసుగొచ్చి, పిస్టన్ లోపలే ఉంచి సిలిండర్‌ను ట్యూబులైటు వైపు ఎత్తి చూశాను. పిస్టన్ చుట్టూ మూడు చోట్ల, సమాన దూరాల్లో, వెంట్రుకవాసి నెలవంకల్లా వెలుగు. వాటి మధ్య మూడు చోట్ల చీకటి. సిలిండర్‌ను చేతిలో తిప్పితే బయటివైపు చక్ జాల, అంటే ముక్కను పట్టే దవడల, గుర్తులు కనిపించాయి. సరిగ్గా నెలవంకల ఎదుటే ఉన్నాయి.

జరిగేది ఇది. స్టీలు గ్లాసు మూతిని మూడు వేళ్ళతో నొక్కండి. వేళ్ళు ఉన్నచోట లోపలికి పోతుంది, మధ్యలో బయటికి ఉబ్బుతుంది. పలుచటి సిలిండర్‌ను త్రీ జా చక్‌లో గట్టిగా బిగిస్తే అదే జరుగుతుంది, కాకపోతే మైక్రాన్లలో. అలా నొక్కి ఉన్నప్పుడే మీరు బోరింగ్ చేస్తారు. లేత్ మీద అది చక్కటి గుండ్రమే. జాలు వదలగానే గోడ తన పాత ఆకారానికి వెళ్ళిపోతుంది. జాలు నొక్కిన మూడు చోట్లా బోరు బయటికి జరుగుతుంది, వాటి మధ్య మూడు చోట్లా లోపలికి వస్తుంది. గుండ్రంగా కోసినది మూడు మూలలదవుతుంది. గుండ్రటి పిస్టన్ మూడు గట్ల మీద రాసుకుంటుంది, మూడు సందుల్లోంచి గాలి పోతుంది. బిగుతు, కారడం రెండూ ఒకేసారి ఉండటానికి కారణం అదే.

మరి కొలతలో ఎందుకు దొరకదు? మూడు జాల చక్‌లో ఒక జాకు ఎదురుగా ఇంకో జా ఉండదు, రెండు జాల మధ్య ఖాళీ ఉంటుంది. అంటే బోరులో బయటికి పోయిన ప్రతి చోటికీ ఎదురుగా లోపలికి వచ్చిన చోటు ఉంటుంది. ఇటు పెరిగిన పది మైక్రాన్లను అటు తగ్గిన పది మైక్రాన్లు మింగేస్తాయి. రెండు మొనలతో కొలిచే ఏ పరికరం పెట్టినా, ఏ వైపు తిప్పినా, ఒకే అంకె వస్తుంది. నాలుగు జాల చక్ కూడా నొక్కుతుంది, కానీ అక్కడ జాకు ఎదురుగా జానే ఉంటుంది కాబట్టి తప్పు వెర్నియర్‌లో బయటపడుతుంది. మూడు జాలదే ఈ మోసం. మూడు మొనల లోపలి మైక్రోమీటర్ ఉంటే తిప్పుతూ చూసి పట్టుకోవచ్చు, దాని ధర వింటే మనం మళ్ళీ ట్యూబులైటు దగ్గరికే వస్తాం.

వెలుగు చాలదనిపిస్తే నీలం రంగు వాడండి. సెంటర్ల మధ్య తిప్పి చేసిన గుండ్రటి కడ్డీకి మార్కింగ్ బ్లూ వేలితో పలుచగా పులిమి, బోరులోకి దూర్చి పావు చుట్టు తిప్పి తీయండి. బోరు బాగుంటే రంగు చుట్టూ అంటుకుంటుంది. మూడు నిలువు చారలే పడితే జబ్బు ఇదే. బోరింగ్‌కు ముందే జాలున్న చోట్ల పెన్నుతో గుర్తు పెట్టుకుని ఉంటే, ఆ గుర్తుల మధ్యలో చారలు కనిపిస్తాయి. లేత్ మీదే చూడాలంటే, బోరింగ్ అయ్యాక డయల్ గేజ్ మొన బోరులో ఆనించి చక్‌ను చేత్తో తిప్పండి. ముల్లు కదలదు. ఇప్పుడు జాలు వదిలి, మునివేళ్ళతో బిగించినంత మెల్లగా మళ్ళీ పట్టి తిప్పండి. ఒక చుట్టులో ముల్లు మూడుసార్లు ఎక్కి మూడుసార్లు దిగితే ఇంకేం వెతకనక్కర్లేదు. ఒక్కసారే ఎక్కి దిగితే భయం లేదు, ముక్క కాస్త పక్కకు కూర్చుంది, అంతే.

బాగుచేయడానికి నేను ఎక్కువగా చేసేది పని వరస మార్చడం. బయటివైపు ముందే పలుచగా తీసేసి, తర్వాత బోరింగ్ మొదలుపెట్టడమే చాలామంది చేసే తప్పు. గోడ మందంగా ఉన్నప్పుడే బోరు పూర్తిచేయండి. ఆ తర్వాత బోరుకు సరిపడే మాండ్రిల్ (బోరులో దూరి ముక్కను లోపలినుంచి పట్టే కడ్డీ) మీద ఎక్కించి బయటివైపు తీయండి. మందపు గోడను జాలు అంతగా వంచలేవు.

గోడ ఇప్పటికే పలుచనైతే, ముందు 0.2 మిల్లీమీటర్లు వదిలి బోరింగ్ చేయండి. జాలు పూర్తిగా వదిలి, డయల్ గేజ్‌తో సరిచూసి, ముక్క జారనంత మాత్రమే మళ్ళీ పట్టి, చివరి కోతలు చాలా పలుచగా ఇవ్వండి. ఇంకా మంచిది చీలిక రింగు. సిలిండర్ బయటి సైజుకు సరిపోయే బోరుతో ఏడెనిమిది మిల్లీమీటర్ల మందం రింగు చేసి, ఒక వైపు హాక్సా రంపంతో నిలువునా చీల్చండి. సిలిండర్‌ను అందులో పెట్టి రింగును చక్‌లో పట్టండి. జాల బలం మూడు చోట్ల గుచ్చకుండా చుట్టూ పరుచుకుంటుంది. సిలిండర్‌కు అంచు పట్టీ ఉంటే ఫేస్‌ప్లేట్ మీద క్లాంపులతో వెనక్కి అదిమి పట్టండి. అప్పుడు పక్కలనుంచి నొక్కేదే ఉండదు, తప్పూ ఉండదు.

దేవరకొండ నుంచి మా మేనల్లుడు టిఫిన్ డబ్బాలో సిలిండర్ పెట్టుకుని వచ్చాడు. "మామా, నాలుగు వైపులా కొలిచాను, అంతా 18.02" అన్నాడు. బోరు చల్లగానే ఉంది, బర్రు లేదు, అంతవరకు మెచ్చుకున్నాను. నీలం పులిమితే మూడు చారలు. వాడు ఊరుకోకుండా బ్రేక్ సిలిండర్ హోన్ (గోడను రాళ్ళతో నున్నగా రుద్దే పనిముట్టు) కూడా లోపల తిప్పి తెచ్చాడు. దానికీ మూడు రాళ్ళే, స్ప్రింగుల మీద. గుంట ఉన్నచోట రాయి గుంటలోకి దిగుతుంది, గట్టు ఉన్నచోట ఎక్కుతుంది. ఉన్న ఆకారాన్నే నున్నగా మెరిపించి ఇచ్చింది.

తప్పు పది మైక్రాన్ల లోపైతే గట్టి ల్యాప్‌తో (పేస్టు పూసి బోరులో తిప్పే గుండ్రటి కడ్డీతో), సన్నటి పేస్టుతో గట్లు అరగదీసి కాపాడవచ్చు. దుకాణంలో దొరికే ముతక వాల్వ్ గ్రైండింగ్ పేస్టు వద్దు. అంతకు మించితే మళ్ళీ బోరింగ్ చేసి, పెద్ద పిస్టన్ చేయడమే. వాడు రింగు చేయడానికి బద్ధకించాడు, నేనే చేసిచ్చాను. ఆ రింగు ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది, తిరిగి ఇవ్వలేదు.

అరుదైనవి

సిలిండర్ చేతిలో బాగుండి, ఫ్రేముకు బిగించాక పట్టేస్తే మరలు అతిగా బిగించారు. వదులు చేసి చూడండి. బోరులో ఒక్కచోటే మెరిసే గట్టి మచ్చ ఉంటే తుక్కు బీడులో గట్టిపడిన భాగం తగిలింది. ఆ ముక్క పారేయండి, కొత్తదానిలో పై పొర కిందికి మొదటి కోతలోనే దిగండి. స్పిండిల్ బేరింగులు అరిగితే బోరే కాదు, చేసేవన్నీ చెడతాయి, మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల బోరు మూడు మూలలవుతుందని ఒకాయన నాతో వాదించాడు. కాదు.

అన్నీ సరిగ్గా ఉండి వేలి పరీక్షలో నెగ్గిన పిస్టన్ ఇంజన్‌లో పెట్టాక నాలుగు చుట్లకే ఆగిపోతే, దానికి నూనె వేశారేమో చూసుకోండి. చిక్కటి నూనె చుక్క చాలు, ఈ ఇంజన్‌ను ఆపేస్తుంది. కడిగి పొడిగా తిప్పండి.