డ్రెయిన్ ప్లగ్ తీసేసి వాల్వ్ బిగించడం ఎలా

బెంగళూరులో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సొంతంగా ఇంజన్ ఆయిల్ మార్చుకునేవాళ్లు డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ దించడానికి ఇంజన్ అడుగున విప్పే బోల్టు) స్థానంలో ఇత్తడి డ్రెయిన్ వాల్వ్ (లీవర్ తిప్పితే తెరుచుకునే కుళాయిలాంటిది) వేసుకుంటే సగం పని తగ్గుతుంది. ప్రతిసారీ స్పానర్ అక్కర్లేదు, చెయ్యి కాలదు.

ముందు ప్లగ్ మర కొలత చూసుకోండి. ఎం14×1.5 అంటే మర వ్యాసం 14 మి.మీ., మర చుట్ల మధ్య దూరం 1.5 మి.మీ. చాలా హ్యుందాయ్, హోండా కార్లకు ఎం14×1.5, చాలా టొయోటాలకు ఎం12×1.25. కారు విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో అడిగేటప్పుడు కారు పేరు కాదు, ఈ కొలతే చెప్పండి.

వాల్వ్ ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కంటే కిందికి వేలాడకూడదు. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే. ఒక్క దెబ్బకి ఆయిలంతా రోడ్డుపాలై ఇంజన్ పట్టేస్తుంది. ప్లగ్ పక్కకి తిరిగున్న కార్లకే ఇది నప్పుతుంది. ప్లగ్ నేరుగా కిందికుండి, గట్టి ఇంజన్ గార్డు (ఇంజన్ కింద రక్షణగా ఉండే పలక) కూడా లేకపోతే ఈ ఆలోచనే మానుకోండి.

పాత ఆయిల్ దిగాక రంధ్రం అంచు తుడిచి, కొత్త వాషర్‌తో వాల్వ్‌ని మొదట చేత్తోనే తిప్పాలి. వంకరగా ఎక్కిస్తే అల్యూమినియం చాంబర్ మర పోతుంది. చివర్లో వాల్వ్ తయారీదారు చెప్పిన టార్క్ (బిగింపు బలం) వరకే బిగించండి. ఇత్తడి కదా, బలం చూపిస్తే తెగుతుంది. లీవర్ దానంతటది తెరుచుకోకుండా లాక్ క్లిప్ తప్పనిసరి.

ఇకపై ఇంజన్ 5 నిమిషాలు నడిపి ఆపి, పైపు తగిలించి, లీవర్ తిప్పితే చాలు. రంధ్రం చిన్నది, తొందరపడొద్దు. ఫిల్టర్ మాత్రం ఎప్పటిలాగే విప్పాలి.