కిటికీకి తెరలు – 3వ పాఠం: రాడ్డు ముందు, బట్ట తర్వాత

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఏ కిటికీలోంచి ఎండ ఏ వేళకు లోపలికొస్తోందో రాసుకోమన్నాను. చెన్నైలో ఉన్నవాళ్ళు ఈపాటికి ఒక సంగతి కనిపెట్టే ఉంటారు. ఉత్తరపు కిటికీకి ఎండ తగలదన్న మాట ఇక్కడ ఎండాకాలంలో చెల్లదు. ఈ ఊరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. జూన్ 21 ప్రాంతంలోనైతే సరిగ్గా పడమట కాకుండా, సుమారు 24 డిగ్రీలు ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. కాబట్టి పడమటి కిటికీతో పాటు ఉత్తరపు కిటికీకీ వెనక తెల్ల లైనింగ్ వేయించండి. సజ్జా ఉందిగా అనుకోకండి. సాయంత్రపు ఎండ వాలుగా, సజ్జా కిందనుంచే దూరుతుంది.

ఇక ఈవారం పని. చాలామంది చేసేదేమిటంటే, చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర, బట్టల దుకాణాలుండే గోడౌన్ స్ట్రీటుకు వెళ్ళి, నచ్చిన రంగు బట్ట తెచ్చి, టైలర్‌కు కిటికీ కొలత చెప్పేస్తారు. పరదా వేలాడేది కిటికీకి కాదు, రాడ్డుకు. రాడ్డు ఎక్కడొస్తుందో తేలకుండా ఏ కొలతా కొలత కాదు. రాడ్డు బిగించాకే టేపు తీయండి. పండగ లోపల కుట్టించాలన్న తొందర ఉన్నా సరే.

రాడ్డు ఎక్కడ? ఫ్రేముకు పైన 4 నుంచి 6 అంగుళాలు, అటూ ఇటూ 6 అంగుళాల చొప్పున బయటికి. పక్కలకు వదిలిన ఆ చోటు వల్ల పగలు తెరిచినప్పుడు బట్టంతా గోడ మీదికి జరిగి, కిటికీ పూర్తిగా గాలికి మిగులుతుంది. సాయంత్రం సముద్రపు గాలి కోసం ఎదురుచూసే ఊళ్ళో ఆ ఆరు అంగుళాలకు పిసినారితనం పనికిరాదు. దోమల మెష్ తలుపు లోపలికి తెరుచుకునేదైతే బ్రాకెట్ గోడ నుంచి ఎంత ముందుకు రావాలో తలుపు తెరిచి చూసుకోండి.

పై అంచున బట్టకే రింగులు బిగించిన మామూలు పరదాకు 25 మిల్లీమీటర్ల రాడ్డు సరిపోతుంది. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి తీరపు చోట్ల పూత పూసిన ఇనుము వద్దు. రింగులు రాసుకునే చోట పూత పోతుంది, ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, ఆ మరక నేరుగా బట్టకెక్కుతుంది. స్టీలో అల్యూమినియమో తీసుకోండి.

ఇప్పుడు డ్రిల్లింగ్. ఇక్కడ కాస్త నిదానం కావాలి. కిటికీ పైన ఉండేది చాలా ఇళ్ళలో ఇటుక కాదు, కాంక్రీటు లింటెల్, అంటే పై గోడ బరువు మోసే దూలం. మామూలు డ్రిల్ మిషన్‌తో పూత దాకా సులువుగా దిగి, అర అంగుళం తర్వాత కీచుమంటూ నిలబడిపోతుంది. హ్యామర్ డ్రిల్, 6 మిల్లీమీటర్ల గోడ బిట్టు అద్దెకు తెచ్చుకోండి. బిట్టు మీద 40 మిల్లీమీటర్ల దగ్గర ఇన్సులేషన్ టేపు చుట్టండి, అదే లోతు గుర్తు. రంధ్రం పెట్టబోయే చోటుకు కింద మడిచిన కాగితం అంటిస్తే పొడి అందులోనే పడుతుంది. ఆ పొడిని చూడండి. ఎర్రగా ఉంటే ఇటుక, బూడిద రంగులో ఉంటే కాంక్రీటు. హఠాత్తుగా ఇనుము మోగినట్టు వినిపించి బిట్టు కదలకపోతే లోపలి కమ్మీ తగిలిందన్నమాట. బలవంతం చేయకుండా ఒక అంగుళం పక్కకు జరగండి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన మాత్రం ఎక్కడా డ్రిల్ పెట్టొద్దు. వైరు గొట్టం సాధారణంగా ఆ దారినే పోతుంది.

రంధ్రంలో పొడి పూర్తిగా దులిపాకే, స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టండి. సుత్తితో చిన్న దెబ్బలకు దిగాలి. వేలితో నొక్కితేనే దిగిపోయిందంటే రంధ్రం వదులు, ఆ స్క్రూ బరువు మోయదు.

రెండో బ్రాకెట్‌కు గుర్తు పెట్టడానికి నేల నుంచి కొలవకండి, నేలకు వాలు ఉండొచ్చు. స్పిరిట్ లెవెల్ లేకపోతే నీళ్ళు నింపిన సన్నటి పారదర్శక గొట్టం చాలు, మేస్త్రీలు ఇప్పటికీ అదే వాడతారు. ఒకవేళ కిటికీయే వంకరగా ఉంటే? నా మాట విని లెవెల్‌ను వదిలేసి కిటికీని అనుసరించండి. కంటికి కనిపించేది రాడ్డుకూ ఫ్రేముకూ మధ్య సందు. రాడ్డు 5 అడుగులు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్ కావాలి. రెండు పరదాలు కలిసే చోటే అది పెట్టండి, లేకపోతే రింగులు దాన్ని దాటవు.

అద్దె ఇల్లు, యజమాని రంధ్రాలు వద్దన్నాడా? కిటికీ గూట్లో ఇరికించే స్ప్రింగు రాడ్డు ఉంది. పలచటి బట్టకే పనికొస్తుంది.

ఇప్పుడు బట్ట లెక్క. హాలు కిటికీ 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, నేలకు 3 అడుగుల పైన ఉందనుకుందాం. రాడ్డును ఫ్రేముకు 5 అంగుళాల పైన పెడితే, దాని పొడవు 60 అంగుళాలు, నేల నుంచి ఎత్తు 89. తడిగుడ్డతో రోజూ తుడిచే ఇంట్లో పరదా అంచు నేలకు ఒక అంగుళం పైనే ఆగాలి. రింగుల పైన బట్ట ఒకటిన్నర అంగుళం లేస్తుంది. అంటే కుట్టాక ఉండాల్సిన పొడవు 89న్నర అంగుళాలు.

రెడీమేడ్ 7 అడుగుల పరదా 84 అంగుళాలే. వేలాడదీస్తే పొట్టి పంచె కట్టుకున్నట్టుంటుంది. 9 అడుగులది కొని కింద కోయించడమే నయం.

కుట్టిస్తే: కింద మడతకు 5, పైన మడతకు 4 కలిపి దాదాపు 99 అంగుళాలు. నూలు బట్టయితే ఉతికాక నూటికి మూడు నాలుగు అంగుళాలు ముడుచుకోవడం మామూలే. ఒక్కో పరదాకు 103 వేసుకోండి. రెండింటికి అయిదుంపావు మీటర్లు. బట్ట పన్నా, అంటే వెడల్పు, 54 అంగుళాలైతే పక్క మడతలు పోను ఒక్కోటి 50, రెండూ కలిపి 100. 60 అంగుళాల రాడ్డుకు ఒకటిన్నర రెట్లకు పైమాటే, మందపాటి బట్టకు కుచ్చిళ్ళు బాగానే పడతాయి. పలచటి నెట్‌కు చాలదు, మూడో పన్నా కలపాలి.

టైలర్‌కు రెండు మాటలు చెప్పి మరీ రండి. బట్ట ఒక రాత్రి నానబెట్టి ఆరబెట్టాకే కత్తిరించాలి. రింగులు సరి సంఖ్యలో ఉండాలి, 50 అంగుళాల పరదాకు 8. బేసి అయితే ఒక చివర గోడ వైపు, ఇంకో చివర గది వైపు తిరిగి, ఎంత సర్దినా అంచు ఎగిరే ఉంటుంది.

వచ్చేవారం రోలర్ బ్లైండ్లు, వెదురు పుల్లల తెరలు. వాటికి కొలత గూటి లోపల తీయాలి. పైన, మధ్యన, కింద మూడు చోట్ల వెడల్పు కొలిచి, మూడింట్లో తక్కువదాన్ని రాసి ఉంచుకోండి.