రిలే నడిపే ట్రాన్సిస్టర్ మాటిమాటికీ పోతోందా?

మా మేడ మీది ట్యాంకుకు బీసీ547 ట్రాన్సిస్టర్‌తో నీళ్ల లెవెల్ సర్క్యూట్ కట్టాను. ఆ ట్రాన్సిస్టర్ రిలేను, అంటే కాయిల్‌లో కరెంటు పారితే మోటారును ఆన్ చేసే స్విచ్‌ను, నడుపుతుంది. సప్లై 12 వోల్టులు, ట్రాన్సిస్టర్ తట్టుకునేది 45. ఇక భయమేముంది అనుకున్నాను. మూడో రోజు ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆగలేదు. విప్పి చూస్తే ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో (కలెక్టర్, బేస్, ఎమిటర్) కలెక్టర్, ఎమిటర్ల మధ్య మల్టీమీటర్ బీప్ కొట్టింది. షార్ట్! కొత్తది వేస్తే నాలుగు రోజులకు అదీ పోయింది.

కారణం: రిలే ఆఫ్ అయిన క్షణంలో దాని కాయిల్ తనలోని కరెంటును ఒక్కసారిగా ఆగనివ్వదు. దాంతో కలెక్టర్ దగ్గర వోల్టేజీ క్షణకాలం వంద దాటి కూడా ఎగరగలదు. సప్లై ఎంత అన్నది కాదు, ట్రాన్సిస్టర్ కాళ్ల మధ్య నిజంగా ఎంత పడుతోంది అన్నదే లెక్క.

పరిష్కారం: కాయిల్ రెండు కొసల మధ్య ఒక 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒక వైపుకే పోనిచ్చేది). తెల్ల గీత ఉన్న కాలు ప్లస్ వైపు ఉండాలి. తిరగేసి పెడితే రిలే ఆన్ కాగానే కరెంటంతా డయోడ్ గుండా పోయి ట్రాన్సిస్టర్ అప్పుడే కాలిపోతుంది. నా బోర్డు మీద డయోడే లేదు. పెట్టాక మళ్లీ పోలేదు.

డయోడ్ ఉన్నా పోతోందా? అయితే సప్లై కొలవండి. 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి, కెపాసిటర్ పెడితే వచ్చేది 24 కాదు, దాదాపు 32. లోడు లేనప్పుడు ఇంకా ఎక్కువ. బీసీ548 ట్రాన్సిస్టర్ హద్దు 30 మాత్రమే. అక్కడ 65 వోల్టుల బీసీ546 వేయండి.

డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) మొదటి పట్టికలో చాలామంది పొరబడేది ఇక్కడే. 2ఎన్2222ఏ ట్రాన్సిస్టర్‌కి 75 అని కనిపిస్తుంది. అది వీసీబీఓ, అంటే ఎమిటర్‌ను ఖాళీగా వదిలినప్పుడు కలెక్టర్-బేస్ మధ్య హద్దు. స్విచ్‌గా వాడేటప్పుడు చూడాల్సింది వీసీఈఓ. బేస్‌ను ఖాళీగా వదిలి కలెక్టర్-ఎమిటర్ మధ్య కొలిచిన ఆ హద్దు 40 మాత్రమే. పైగా ఇవి దాటకూడని గీతలు, రోజూ నడిపే వోల్టేజీలు కావు. నేనైతే సగానికి మించి వెళ్లను.

ఇంకో సమస్య: రెండు ట్రాన్సిస్టర్ల ఫ్లాషర్ (లైట్లను మిణుకుమనిపించే సర్క్యూట్) 5 వోల్టుల మీద లెక్క ప్రకారం మిణుకుతుంది. 12 ఇస్తే లెక్క కన్నా వేగంగా కొట్టుకుంటుంది. ఇక్కడ దోషి ఎవరూ పట్టించుకోని మూడో అంకె, వీఈబీఓ, అంటే ఎమిటర్-బేస్ మధ్య తిరగేసిన వోల్టేజీకి హద్దు. బీసీ547కి అది 6. ఫ్లాషర్ తిరగబడినప్పుడల్లా కెపాసిటర్ బేస్‌ను మైనస్ 11 దాకా లాగుతుంది. ఆ ఎమిటర్-బేస్ జంక్షన్ జీనర్ డయోడ్‌లా తెగి, అంటే తిరగేసిన దిశలోనూ కరెంటును వదిలేసి, కెపాసిటర్ చార్జ్ ముందే కారిపోతుంది. ట్రాన్సిస్టర్ వెంటనే చావదు, కానీ దాని గెయిన్ (కరెంటును పెంచే శక్తి) మెల్లగా పడిపోతుంది. ఒక్కో బేస్‌కు ముందు ఒక 1ఎన్4148 డయోడ్ వరుసలో పెట్టండి, గీత బేస్ వైపు. రెసిస్టర్, కెపాసిటర్ కలిసే చోటు బేస్ వైపు కాకుండా డయోడ్‌కు అవతలే ఉండాలి.