పండుమిరపకాయ పచ్చడి: కిలోకి పావు ఉప్పు, పావు చింతపండు

గుంటూరు అనగానే మిర్చి యార్డులో పేర్చిన ఎండుమిర్చి టిక్కీలే, అంటే బస్తాలే, గుర్తొస్తాయి. పచ్చడి పెట్టే ఇళ్లకు మాత్రం కాయ కల్లంలోకి చేరకముందే పని. సంక్రాంతి దాటాక చెట్టునే పండి, ఇంకా రసం ఇంకని కాయ బజారుకొస్తుంది. అదే కావాలి.

మిరప మన నేలలో పుట్టింది కాదు. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మన వంటకు కారమంటే మిరియాలే; మిరప అన్న పేరూ వాటినుంచి వచ్చిందే. కొన్ని ఇళ్లలో తద్దినం వంటకి ఇవాళ్టికీ మిరియాలే వాడతారు. అలా బయటినుంచి వచ్చిన కాయే ఈ జిల్లా రుచి అయి కూర్చుంది.

కాయ నిగనిగలాడుతూ, కండపట్టి, తొడిమ పచ్చగా ఉండాలి. తేజ రకం వద్దు: కండ తక్కువ, ఘాటు ఎక్కువ. ముడతపడ్డ కాయ, మచ్చ ఉన్న కాయ ఏరి పారేయండి; ఒక్క కుళ్లుకాయ జాడీ మొత్తాన్నీ చెడగొడుతుంది.

కిలో కాయలకి పావుకిలో కల్లుప్పు, పావుకిలో గింజా ఈనె తీసిన చింతపండు, రెండు చెంచాల పసుపు. కొత్త చింతపండైతే పచ్చడి ఎర్రగా నిలుస్తుంది, పాతదైతే నల్లబడుతుంది. ఉప్పు తగ్గిస్తే మంచిదనుకోవద్దు, నిల్వకు కాపలా అదే.

కాయల్ని తొడిమలతోనే కడగాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ముందే తొడిమ తీస్తే ఆ కంతలోంచి నీళ్లు లోపలికి దిగుతాయి, పైన ఎంత తుడిచినా పోవు. పది రోజులకి తెల్లగా బూజు. కడిగాక ఒక్కో కాయనూ పొడిబట్టతో తుడిచి, రాత్రంతా ఫ్యాను కింద నీడన ఆరబెట్టి, తెల్లారాక తొడిమలు తీయండి. ఎండలో వేస్తే కాయ వడిలి రసం పోతుంది. చేతులకి ముందే నూనె రాసుకోండి.

రోట్లో ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే వేడెక్కి, గింజ నలిగి, ఎరుపు కాస్తా నారింజ రంగుకి తిరుగుతుంది. జాడీలో సగం ముద్ద వేసి, మధ్యలో చింతపండు ఉండలా పెట్టి, మిగతా ముద్దతో కప్పేసి, మూత పెట్టి, పైన గుడ్డ చుట్టి వాసెన కట్టండి. చింతపండుని నీళ్లలో నానబెట్టకూడదు, మిరపకాయ రసంలోనే అది మెత్తబడుతుంది.

మూడోరోజు మూత తీస్తే అంచుల వెంట ఎర్రటి ఊట కనిపిస్తుంది, పులుపు కలిసిన ఘాటు ముక్కుకి తగులుతుంది. చింతపండుని వేలితో నొక్కితే జారిపోవాలి. జారకపోతే ఇంకోరోజు ఆగండి. తర్వాత అంతా కలిపి మళ్లీ రుబ్బి, దోరగా వేయించి దంచిన మెంతిపిండి రెండు చెంచాలు కలపండి. మెంతులు మాడితే చేదు వస్తుంది, దాన్ని సరిచేసే దారి లేదు.

పోపు మాత్రం జాడీ మొత్తానికి ఒకేసారి పెట్టొద్దు. వారానికి సరిపడా తీసుకుని, పప్పునూనెలో (నువ్వులనూనెలో) ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, దంచిన వెల్లుల్లి వేగాక నూనె చల్లార్చి కలపండి. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి ఉంటే చాలు. దిబ్బరొట్టెకీ ఇదే బాగుంటుంది. గోంగూర కలపాలనుకుంటే ఆకుని తడి లేకుండా ఆరబెట్టి, నూనెలో దగ్గరపడేదాకా మగ్గించి చల్లార్చి, ఇలా తీసిన పచ్చడిలోనే కలిపి రుబ్బండి. ఆకు పులుపుంటుంది కాబట్టి గోంగూరకోసమే పెట్టే జాడీలో చింతపండు సగానికి తగ్గించండి.

తీసిన ప్రతిసారీ పొడి గరిటే వాడి, పైభాగం నొక్కి సమం చేసి, మళ్లీ వాసెన కట్టండి.