తాళ్ల పని – మూడో పాఠం: నైలాన్ తాడు కొస విడిపోకుండా చూడటం

గత పాఠంలో తాడును పేటలుగా, పేటను పోగులుగా విప్పి చూశాం. పేటలను కలిపి ఉంచేది పురి కాబట్టి, తాడు కోయగానే ఆ చోట బిగువు పోయి పేటలు విడిపోవడం మొదలవుతుంది. నైలాన్ పోగులు కొబ్బరి పీచులా గరుకుగా ఉండక నున్నగా జారిపోతాయి. అందుకే వాటి కొసలకు ఎక్కువ శ్రద్ధ అవసరం.

ముందుగా తాడు ఏ రకమో తేల్చుకోవాలి. విశాఖ చేపలరేవులో పడవల మీద కనిపించే తాళ్లన్నీ ఒకే రకం కావు. చిన్న ముక్కను నీళ్లలో ముంచి, బుడగలు పోయేలా పిసికి వదిలితే పాలీప్రొపిలీన్ తేలుతుంది, నైలాన్, పాలియెస్టర్ మునుగుతాయి. పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. నైలాన్‌కు రకాన్ని బట్టి 220 నుంచి 265 డిగ్రీల వేడి కావాలి. నూలు, జనపనార తాళ్లు కరగవు, కాలిపోతాయి కనుక వాటిని మంట దగ్గరికి తేకూడదు.

కోయవలసిన చోట టేపు బిగించి చుట్టి, ఆ టేపు మధ్యలోనే కోయండి. తరువాత టేపు అంచు దాటిన పోగులను లైటరు మంట అడుగున ఉండే నీలి భాగానికి పక్కగా పట్టి, తాడును నెమ్మదిగా తిప్పుతూ ఉంటే అవి మెరిసి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పసుపు మంట తగిలితే మసి పడుతుంది. ఈ పనికి సముద్రపు గాలి తగలని, కిటికీ తెరిచిన గది మంచిది. కరిగిన బొట్టు చర్మానికి అంటుకుని లోతుగా కాలుస్తుంది. వేలితో ఎన్నడూ ఒత్తవద్దు, తడిపిన చెంచా వెనుక వైపుతో ఒత్తండి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రాపిడికి గురయ్యే తాడుకు ఇది చాలదు, ఎందుకంటే కరిగి గట్టిపడిన కొస వంగినప్పుడు పగులుతుంది. దాని మీద దారం చుట్టి తీరాలి. మైనం రాసిన గట్టి దారాన్ని మడిచి, ఆ మడత కొస వైపు ఉండేలా తాడు పొడవునా ఆనించండి. కొసకు దూరంగా మొదలుపెట్టి, పురికి ఎదురుగా, చుట్టు పక్కన చుట్టు ఆనేలా, తాడు మందానికి ఒకటిన్నర రెట్ల పొడవు వరకు బిగించి చుట్టండి. మిగిలిన దారాన్ని మడతలోంచి దూర్చి, అవతల కనిపిస్తున్న పొట్టి కొసను లాగితే మడత చుట్ల కిందికి వెళ్తుంది. సగం దాకా వెళ్లగానే ఆపి, రెండు దారాలనూ అంచుకు కత్తిరించాలి. పూర్తిగా లాగితే మడత అవతలికి వచ్చేసి చుట్టంతా వదులవుతుంది.

బొటనవేలితో చుట్టును పక్కకు నెట్టినా జరగకుంటే పని సరిగా కుదిరినట్టే. జరిగితే విప్పి మళ్లీ చుట్టండి. లావు తాళ్లకు సూదితో పేటల మధ్యగా కుట్టే పద్ధతిని నాలుగో పాఠంలో నేర్చుకుందాం.