లాత్వియన్ ఉచ్చారణని తెలుగులో రాసుకోండి

లాత్వియా దేశపు భాష లాత్వియన్ నేర్చుకునేవాళ్లకి ఒక చిట్కా. ఉచ్చారణని ఇంగ్లిష్ అక్షరాల్లో కాకుండా తెలుగులో రాసుకోండి. హ్రస్వ దీర్ఘాలు మన లిపిలోనే ఉన్నాయి. లాత్వియన్ రాతలో అచ్చు మీద అడ్డగీత ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. రాజధాని పేరులో గీత మొదటి అచ్చు మీదే ఉంటుంది కాబట్టి అది 'రీగ', 'రిగా' కాదు.

'ఎ' దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకే అక్షరానికి రెండు పలుకులు. నాన్న అనే మాట 'త్యావ్స్', బ్యాంకులో వినిపించే అచ్చే. ముద్దుగా పిలిచే రూపం 'తేతిస్', ఇక్కడ మామూలు ఏత్వం. తర్వాతి అక్షరంలో ఇ గానీ ఎ గానీ వస్తే నోరు అంత తెరుచుకోదు.

ఇక స్వరాలు, అంటే దీర్ఘాన్ని పలికేటప్పుడు గొంతు సాగే, విరిగే, పడే తీరు. 'జాలె' (జ ని జీబ్రాలోలా పలకాలి) అని 'జా'ని ఒకే ఎత్తులో సాగదీస్తే హాలు. మధ్యలో గొంతు చిన్నగా నొక్కి వదిలితే గడ్డి. మామూలు రాతలో ఈ తేడా కనిపించదు. నిఘంటువుల్లో సాగే స్వరానికి అలలాంటి గీత, విరిగే స్వరానికి టోపీ, గొంతు పైనుంచి కిందికి పడే స్వరానికి వాలుగీత పెడతారు. చాలామంది మాటలో పడేదీ విరిగేదీ కలిసిపోయాయి. అందుకే మొదట్లో రెండు గుర్తులు చాలు: సాగితే 'జా–లె', లేకపోతే 'జా’లె'. కొత్త మాట విన్న వెంటనే గుర్తు పెట్టేయండి, తర్వాత మామూలు పుస్తకం చూసి పెడదామంటే దొరకదు.