సైన్స్ ఇంగ్లిష్ చదవడం – 4వ పాఠం: ‘ఆఫ్’ల గొలుసును తోక నుంచి పట్టుకోవడం

గత పాఠంలో మూడు పొడవాటి వాక్యాలిచ్చి ఒక్కోదాంట్లో అసలు క్రియ ఎక్కడుందో వెతకమన్నాను. వెతికారా? వెతక్కపోతే ముందు అది పూర్తి చేసి రండి, ఎందుకంటే ఇవాళ్టి పనికి అదే మొదటి మెట్టు.

మా అక్క కూతురు ఒడిశాలో మన పర్లాకిమిడిలోనే ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. ఇంట్లో తెలుగు, క్లాసులో స్నేహితులతో ఒడియా, పుస్తకం మాత్రం ఇంగ్లిష్. మన వైపు చాలామంది పిల్లల పరిస్థితి ఇదే, గుణుపురంలో అయినా రాయగడలో అయినా. మొన్న ఆదివారం ఒక వాక్యం మీద వేలు పెట్టి, “మాటలన్నీ తెలుసు మావయ్యా, వాక్యమే తెలియట్లేదు” అంది. ఈ పాఠం రాయడానికి కారణం ఆ మాటే. నిఘంటువు ఎంత తిరగేసినా ఈ చిక్కు విడదు, ఎందుకంటే చిక్కు మాటల్లో లేదు, మాటలు నిలబడిన వరసలో ఉంది.

ఆ వాక్యం ఇదీ: “ది అబ్జర్వ్డ్ డిక్రీజ్ ఇన్ ద రేట్ ఆఫ్ ఎవాపరేషన్ ఆఫ్ వాటర్ ఫ్రమ్ ద సర్ఫేస్ ఆఫ్ ద సాయిల్ వాజ్ అట్రిబ్యూటెడ్ టు ద ప్రెజెన్స్ ఆఫ్ స్ట్రా మల్చ్.”

గట్టిగా చదవండి. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇప్పుడు క్రియ పట్టుకోండి: ‘వాజ్ అట్రిబ్యూటెడ్’. దాని ముందు ఒక పెద్ద మూట, వెనక ఒక చిన్న మూట. చిన్నదాన్ని కాసేపు పక్కన పెట్టి పెద్ద మూట విప్పుదాం.

అందులో డిక్రీజ్, రేట్, ఎవాపరేషన్, వాటర్, సర్ఫేస్, సాయిల్ అనే ఆరు పేర్లున్నాయి (పేర్లంటే నామవాచకాలు). వాటిని కలిపి కుట్టినవి ఇన్, ఆఫ్, ఫ్రమ్. మా పిల్ల చేసిన పొరపాటు ఏమిటంటే ఎడమ నుంచి ఒక్కో మాటకూ అర్థం పేర్చుకుంటూ పోయింది. తగ్గుదల, వేగం, ఆవిరవడం, నీరు... ఆరో మాట దగ్గరకొచ్చేసరికి మొదటిది చేజారిపోయింది. అదే వరసను తోక నుంచి చదవండి: నేల, పైభాగం నుంచి, నీరు, ఆవిరయ్యే, వేగం, తగ్గడం. చూశారా, ఏ మాటా అటూ ఇటూ జరపలేదు, తిరగేసి చదివామంతే, “నేల పైభాగం నుంచి నీరు ఆవిరయ్యే వేగం తగ్గడం” అని నేరుగా తెలుగు వచ్చేసింది. తెలుగులో అసలు మాట చివర వస్తుంది, దాని వివరాలన్నీ ముందు వస్తాయి. ‘ఆఫ్’ ఉన్న ఇంగ్లిష్‌లో అసలు మాట ముందు నిలబడుతుంది, వివరాలు దాని వెనక బారులు తీరతాయి. అందుకే తోక పట్టుకుంటే మన భాష చేతికొస్తుంది. ఒడియాలో ఆలోచించే పిల్లలకైనా ఇదే దారి పనికొస్తుంది, అక్కడా వివరం ముందు, అసలు మాట తర్వాత. బాష్పీభవనం అనే మాట కూడా రెండు భాషల్లో ఒకటే కదా.

ఇప్పుడు వెనకున్న చిన్న మూట: వరిగడ్డి పరిచి ఉండటం. మొత్తం కలిపితే: “నేల మీద వరిగడ్డి పరిచి ఉండటం వల్లే నీరు ఆవిరయ్యే వేగం తగ్గిందని పరిశోధకులు భావించారు.” ఈ ‘భావించారు’ను వదిలేయకండి. ‘అట్రిబ్యూటెడ్’ అంటే రుజువైందని కాదు, కారణం ఇదేనని వాళ్లు చెప్పారని. ఇంగ్లిష్ వాక్యంలో ఆ ‘వాళ్లు’ కనబడరు, తెలుగులో చెప్పుకునేటప్పుడు మనం వాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి. పరీక్షలో మార్కులు పోయేదీ, సైన్స్‌ని తప్పుగా నమ్మేదీ ఇలాంటి చోటే.

ఇదే సంగతిని ఇంకో పేపర్లో ఇంకోలా రాస్తారు: “సాయిల్ సర్ఫేస్ వాటర్ ఎవాపరేషన్ రేట్.” ఆఫ్‌లు లేవు, పేర్లను ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. దీన్ని తిరగేయకూడదు! ఎడమ నుంచే చదవండి: నేల, పైభాగం, నీరు, ఆవిరవడం, వేగం. ఇది ముందే మన వరసలో ఉంది. కాబట్టి ఇవాళ్టి సూత్రం ఇంతే: ఆఫ్‌లు కనబడితే తోక నుంచి, పేర్ల గుట్ట కనబడితే తల నుంచి. గుట్టలో ఆఖరి మాటే అసలు సరుకు, అక్కడ ఉన్నది వేగమే తప్ప నేలా కాదు, నీరూ కాదు. ఒక జాగ్రత్త చెప్తాను, గుట్ట ముందు ‘హై’ అని ఉంటే అది నేల ఎత్తు గురించి అనుకోకండి, అది అన్నిటి మీదుగా దూకి ‘రేట్’ మీద వాలుతుంది. ఇక్కడ తెలుగు మనకు సాయం చేయదు, అర్థం చూసి తేల్చుకోవాల్సిందే.

ఇలా ఎందుకు రాస్తారని మా పిల్ల కోపంగా అడిగింది. కొంత అలవాటు, కొంత చోటు పొదుపు. ఇంకో న్యాయమైన కారణం కూడా ఉంది: ఆవిరవడం అనే పనికి పేరు పెడితేనే దాని వేగాన్ని కొలవగలం, పట్టికలో రాయగలం. అయినా చదివేవాళ్లకు అందని వాక్యాన్ని నేను సమర్థించను. పుస్తకాల భాష జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు (1863–1940) పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. సవర గిరిజనుల పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు తయారు చేసిన మనిషి ఆయన.

ఇంకో వాక్యం చూద్దాం, కోరాపుట్‌లో చుట్టాలున్నవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. “ది డిక్రీజ్ ఇన్ ద బాయిలింగ్ పాయింట్ ఆఫ్ వాటర్ విత్ ఇంక్రీజింగ్ ఆల్టిట్యూడ్ అకౌంట్స్ ఫర్ ద లాంగర్ కుకింగ్ టైమ్ ఆఫ్ పల్సెస్.” తోక నుంచి రండి: ఎత్తు పెరిగేకొద్దీ నీరు మరిగే ఉష్ణోగ్రత తగ్గడం. ఇక్కడ ‘విత్’కు ‘తో’ అని పెడితే వాక్యం చచ్చిపోతుంది, ‘కొద్దీ’ అనాలి. ‘అకౌంట్స్ ఫర్’ అంటే లెక్కలు కాదు, కారణం. అంటే పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పట్టేది అందుకన్నమాట. సముద్రమట్టం దగ్గర నీరు 100 డిగ్రీల సెల్సియస్‌కు మరిగితే, దాదాపు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో సుమారు 97కే మరుగుతుంది, గాలి ఒత్తిడి అక్కడ తక్కువ కాబట్టి. కుక్కర్ లేకుండా అక్కడ కందిపప్పు వండినవాళ్లకు ఈ మూడు డిగ్రీల విలువ తెలుసు.

ఆఫ్‌తో ఇంకో తిప్పలుంది. “ది డిస్కవరీ ఆఫ్ రాస్” అంటే రాస్ అనే శాస్త్రవేత్త కనుక్కున్నది. “ది డిస్కవరీ ఆఫ్ ద పారసైట్” అంటే పరాన్నజీవిని ఎవరో కనుక్కోవడం. ఆఫ్ ఒకటే, ఒకచోట దాని వెనకున్నది పని చేసినవాడు, ఇంకోచోట ఆ పనికి గురైనది. రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని తెలిసినవాళ్లకు ఇక్కడ టెన్షన్ ఉండదు. తెలియని విషయం వచ్చినప్పుడు మాత్రం ఆగి “చేసిందెవరు, దేన్ని చేశారు?” అని రెండు ప్రశ్నలూ వేసుకోండి.

ఈ వారం అభ్యాసం. కాగితం మీద రాయండి, మనసులో అనుకుంటే సరిపోదు.

మొదటిది: “ది ఫార్మేషన్ ఆఫ్ బాక్సైట్ ఇన్ ద హిల్స్ ఆఫ్ కోరాపుట్ ఈజ్ ద రిజల్ట్ ఆఫ్ ద ప్రొలాంగ్డ్ వెదరింగ్ ఆఫ్ ఖోండలైట్.” వెదరింగ్ అంటే ఎండకూ వానకూ రాయి శిథిలమవడం. బాక్సైట్ అంటే అల్యూమినియం తీసే ఖనిజం. ఖోండలైట్ ఒక రకం రాయి, దాని పేరు మన కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదుగా వచ్చిందే. ‘ఈజ్’ దగ్గర వాక్యాన్ని రెండుగా కోసి, రెండు ముక్కలూ విడివిడిగా తోక నుంచి చదవండి.

రెండోది గుట్ట: “సికిల్ సెల్ డిసీజ్ న్యూబార్న్ స్క్రీనింగ్ ప్రోగ్రామ్.” సికిల్ సెల్ అంటే వంశపారంపర్యంగా వచ్చే ఒక రక్తపు జబ్బు. పరీక్ష ఎవరికి, దేని కోసం?

మూడోది: “ది డిటెక్షన్ ఆఫ్ ద పారసైట్ ఇన్ ద బ్లడ్ ఆఫ్ ద పేషెంట్.” ఇందులో రెండు ఆఫ్‌లున్నాయి, రెండూ ఒకే పని చేస్తున్నాయా? జవాబులు 5వ పాఠం మొదట్లో ఇస్తాను.